రెండు దినములలో హైదరాబాదు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల విద్యార్థులలో పలువురు మొట్టమొదట చూడబోవు మహానగరము హైదరాబాదు. అది నాలుగు శతాబ్దులకు పైబడిన నగరము. మనకు సాధారణముగా దొరకునవి రెండు దినములే. కనుక ఏమి చూడవలెనో, ఏమి విడిచిపెట్టవలెనో ఇంటియొద్దనే నిర్ణయించుకొనవలెను. రామోజీ ఫిల్మ్ సిటీ మన దారిలోనే యున్నను దానికే ఒక దినము పట్టును. దానిని మరియొక పర్యాయమునకు విడుచుట మేలు.

ముందుగా వారము చూచుకొనుడు. సాలార్‌జంగు మ్యూజియమునకును, చౌమహల్లా రాజభవనమునకును శుక్రవారము సెలవు. నాటి మధ్యాహ్నము మక్కా మసీదులో ప్రార్థనకు వేలకొలది జనులు చేరుదురు.

మిర్యాలగూడవారికి నల్లగొండ మీదుగా సికింద్రాబాదునకు రైలు కలదు. కోదాడ, సూర్యాపేటలవారు బస్సులో పోవుదురు. ఆ బస్సు సూర్యాపేట విడిచిన కొలదిసేపటికి టేకుమట్ల వద్ద మూసీనదిని దాటును. ఆ నదిని గుర్తుంచుకొనుడు. నగరములో మీరు దిగు మహాత్మాగాంధీ బస్సు స్టేషను సహితము మూసీ ప్రక్కనే యున్నది. నగరపు మురుగును మోసికొని ఈ నదియే మన పొలముల మీదుగా ప్రవహించి, మిర్యాలగూడకు దిగువ వాడపల్లి వద్ద కృష్ణలో కలియుచున్నది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని బలిగొన్నది. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయములు నిర్మింపబడినవి. బస్సు స్టేషనుకు సమీపముననే యున్న ఆ చెట్టును తప్పక చూడుడు. టిక్కెట్టుతో పనిలేదు.

తెల్లవారుజామున బయలుదేరినచో పండ్రెండు గంటలకు ముందే సాలార్‌జంగు మ్యూజియము చేరవచ్చును. అచ్చటి గడియారములో గంట గంటకును ఒక చిన్న గడ్డపుమనిషి వెలుపలికి వచ్చి గంట కొట్టును. పండ్రెండింటికైనచో ఆ వేడుక ఎక్కువసేపు సాగును. మ్యూజియములోని గదులన్నియు చూడబూనవలదు, నాలుగైదు చాలును. అచ్చటినుండి పత్తర్‌గట్టి మీదుగా నడచిన చార్‌మినారు వచ్చును. గోలకొండ కోటలో జనము క్రిక్కిరియగా మహమ్మదు కులీ కుతుబ్‌షా మూసీకి దక్షిణమున క్రొత్త నగరమును నెలకొల్పి, 1591లో దాని నడుమ ఈ కట్టడమును నిర్మించెను. నాలుగు దిక్కులకు పోవు నాలుగు దారులను చూచినచో నగరపు పథకము దానంతటదే బోధపడును. ప్రక్కనున్న లాడ్ బజారులో గాజులు కొనదలచినచో బేరమాడుటకు సిగ్గుపడరాదు. అంగడివారును దానికే యెదురుచూచుచుందురు.

చరిత్రక్రమమున చూడదలచినచో గోలకొండ మొదటిది కావలెను. కాని ఎండ చరిత్రను లెక్కచేయదు. సుమారు 360 మెట్లెక్కవలసిన ఆ కోటను రెండవదినము ఉదయముననే చూడవలెను. ప్రవేశద్వారపు గుమ్మటము క్రింద చప్పట్లు కొట్టిన ఆ ధ్వని కొండపైనున్న వారికి వినబడును. మీలో నలుగురు పైన, నలుగురు క్రింద నిలిచి పరీక్షింపవచ్చును. ఇట్టి కోట 1687లో ఎనిమిది మాసముల ముట్టడి పిమ్మట ఔరంగజేబునకు వశమయ్యెను. అదియును లోపలివా రొకరు తలుపు తీయుటచేతనే యందురు. దిగివచ్చిన తరువాత ఓపిక యున్నచో సమీపముననే గల కుతుబ్‌షాహీ సమాధులను చూడుడు. లేనిచో చెట్టునీడను భోజనము చేసి, పొద్దుండగనే బస్సెక్కుడు.