టికెట్ లేని పండుగ

విహారం, వినోదం విశ్వాసులకు తగవని అనుకునేవాళ్లు మన సంఘాల్లో ఇప్పటికీ ఉన్నారు. కానీ ఏడాదికోసారి ఇల్లు వదిలి, ఏడు రోజులు బయట బసచేసి, ఇంటిల్లిపాదీ సంతోషించాలని ఇశ్రాయేలీయులకు ఆజ్ఞాపించినవాడు దేవుడే. అదే పర్ణశాలల పండుగ (లేవీ 23:39-43).

అమెరికాలోని ఫ్లోరిడాలో ఉన్న వాల్ట్ డిస్నీ వరల్డ్ పేరు మన పిల్లలకూ తెలుసు. 1971లో ఆ వినోద నగరం మొదలైన కొద్ది వారాలకే దాని ఆవరణలోనే ఫోర్ట్ విల్డర్‌నెస్ అనే విడిది మైదానాన్ని తెరిచారు. చెట్ల మధ్య బండ్లు, గుడారాలు నిలుపుకోవడానికి అక్కడ దాదాపు 800 జాగాలున్నాయి. ఆ బండిని ఆర్‌వీ అంటారు. అది చక్రాల మీద ఇల్లు. పడకలు, పొయ్యి, స్నానాల గది అన్నీ అందులోనే. కరెంటు తీగ, నీళ్ల పైపు తగిలిస్తే సంసారం మొదలైనట్టే. పగలంతా పార్కులో ఆడి, రాత్రికి బండి దగ్గర వండుకు తింటారు. ఇది మనకు మరీ వింతేమీ కాదు. మేడారం జాతరకు ఎడ్లబండ్లు కట్టుకొని వెళ్లినవాళ్లు బండి పక్కనే వండుకొని, బండి కిందే పడుకునే రోజులు మన గూడూరు వైపు పెద్దలకు గుర్తే.

పర్ణశాలల పండుగ కూడా అలాంటి బసే. పంట ఇంటికి చేరి, చేతిలో నాలుగు డబ్బులాడే వేళ అది వచ్చేది. నెహెమ్యా కాలంలో జనం కొమ్మలు తెచ్చి మేడల మీద, ముంగిళ్లలో, వీధుల్లో పాకలు వేసుకున్నారు (నెహెమ్యా 8:16). ఐగుప్తు నుండి బయటపడిన తమ పితరులు ఇలాగే బతికారని పిల్లలకు తెలియాలన్నది దేవుని ఉద్దేశం. ఆ ఏడు రోజులు మేడ ఉన్నవాడికీ, లేనివాడికీ నీడ ఆకుల పాకే.

అయితే ఆ సంతోషం కొడుకులు, కూతుళ్లతోనే ఆగకూడదు. పనివాళ్లు, లేవీయులు, పరదేశులు, తండ్రిలేని బిడ్డలు, విధవరాండ్రు కూడా అందులో ఉండాలి (ద్వితీ 16:14). వినోద పార్కు ద్వారం దగ్గర టికెట్ అడగడం తప్పు కాదు, అది వ్యాపారం. దేవుని పండుగలో మాత్రం, కొనే శక్తి లేనివాళ్ల పేర్లను దేవుడే ముందుగా రాసి ఉంచాడు.

యేసుప్రభువు కూడా ఈ పండుగకు యెరూషలేము వెళ్లాడు. ఆ రోజుల్లో యాజకులు సిలోయము కోనేటి నీళ్లు తెచ్చి బలిపీఠం దగ్గర పోసేవారు. పండుగ చివరి మహాదినాన ఆయన నిలబడి, దాహంతో ఉన్నవాళ్లెవరైనా తన దగ్గరకు వచ్చి తాగవచ్చని బిగ్గరగా పిలిచాడు (యోహాను 7:37). అద్దె కట్టిన జాగాలోనే ఆర్‌వీకి నీళ్లు అందుతాయి. ప్రభువు మాత్రం దాహం తప్ప మరేదీ అడగలేదు.

వేసవి వస్తే మన సంఘాలు యువజన శిబిరాలు పెడతాయి. బస్సు మాట్లాడుకొని లక్నవరం, రామప్ప వెళ్తాయి. మంచిదే. రుసుం కట్టినవాళ్ల పేర్లు రాసుకుంటాం. ఆ డబ్బు కట్టలేని కూలితల్లి, పిల్లకు ఒంట్లో బాగాలేదని చెప్పి ఆపేస్తుంది. ఆ పేరు మన పుస్తకంలోకి ఎక్కదు. పిల్లలు దూరదేశాల్లో స్థిరపడగా పండుగనాడు ఒంటరిగా అరుగు మీద కూర్చునే విధవరాలిని కూడా ఎవరూ పిలవరు. బస్సులో పాటలు పాడుకుంటూ వెళ్లే మనకు వాళ్లు గుర్తు కూడా రారు.

ఈసారి పేర్లు రాసుకోకముందే సంఘ పెద్దలు అలాంటి ఇళ్లకు వెళ్లి రావాలి. ఆ రుసుమును సంఘమే భరించాలి, అదీ ఆ పిల్ల తలవంచుకోవాల్సిన అవసరం లేకుండా, ఎవరికీ తెలియకుండా. అలా వెళ్లిన శిబిరంలో చెట్టు కింద చాప పరుచుకొని కలిసి తిన్నా చాలు, దేవుడు కోరిన పండుగ అదే.