కాలు జారితే తీసుకోలేని వయసు

కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేం అన్నారు. నోటి సంగతి సరే, కాలి విషయంలో మాత్రం ఆ సామెత పుట్టించినవాళ్లు మంచి వయసులో ఉండి ఉండాలి. ఇరవై ఏళ్లప్పుడు జారిన కాలు మనం తలచుకునేలోపే సర్దుకుంటుంది. చేతులు గాల్లోకి లేస్తాయి, రెండో కాలు చటుక్కున ముందుకు పడుతుంది, పక్కవాళ్లు నవ్వుతారు, అక్కడితో సరి. డెబ్బై ఏళ్లప్పుడు ఆ రెండో కాలు సమయానికి రాదు. దాని తర్వాత తుంటి ఎముక, ఆపరేషన్, నెలల తరబడి మంచం.

"బాత్రూంలో పడ్డారట" అన్న మాట మనకు ఎంత అలవాటైపోయిందంటే, వినగానే "ఆ వయసులో అంతేలే" అనేస్తాం. వయసు ఒక కారణమే. మిగతా కారణాల్లో చాలావాటిని మనం మార్చగలం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఏటా 6,84,000 మంది పడిపోవడం వల్ల ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు. ప్రమాదవశాత్తూ తగిలే గాయాలతో సంభవించే మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాత స్థానం దీనిదే. వీరిలో అరవై దాటినవాళ్లే ఎక్కువ. 65 దాటినవారిలో నూటికి 28 నుంచి 35 మంది ఏడాదిలో ఒక్కసారైనా పడుతుంటారు. మన దేశంలో అరవై దాటినవాళ్లు 2011 జనాభా లెక్కల నాటికే పది కోట్ల పైచిలుకు. బండి మీద బయటికి వెళ్లే కొడుక్కి "హెల్మెట్ పెట్టుకో నాన్నా" అని గుమ్మం దాకా వచ్చి చెప్పే తల్లికి, ఇంట్లో తిరిగే తన గురించి చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

ముక్కాలి పీట

నిలబడటం ఒక పని అని మనకు తోచదు. కానీ ఒళ్లు క్షణక్షణం లెక్క చూసుకుంటేనే మనిషి నిలబడగలడు. ఆ లెక్కకు మూడు చోట్ల నుంచి కబురు అందాలి. గడప ఎంత ఎత్తుందో కళ్లు చెబుతాయి. తల ఎటు వాలిందో లోపలి చెవి చెబుతుంది. కింద ఉన్నది గరుకా నునుపా, ఏటవాలా చదునా అన్నది అరికాళ్లు, చీలమండలు చెబుతాయి. మెదడు మూడింటినీ కలిపి చూసుకుని కండరాలకు పని చెబుతుంది. ముక్కాలి పీట లాంటిదే ఇది కూడా. ఒక కాలు వదులైతే ఊగుతుంది, రెండు కాళ్లు పోతే నిలవదు.

ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి అరికాళ్ల స్పర్శ తగ్గిపోతుంది. "దూది మీద నడుస్తున్నట్టుంది" అంటారు. అంటే పీటకు ఒక కాలు పోయిందన్నమాట. అర్ధరాత్రి, ఇంట్లోవాళ్లకు నిద్రాభంగం ఎందుకని లైటు వెయ్యకుండా లేస్తే కళ్లూ లేనట్టే. ఇక మిగిలింది చెవి ఒక్కటే. పగలంతా ఇల్లూ వాకిలీ తిరిగిన మనిషి, రాత్రి మంచానికీ బాత్రూంకీ మధ్య ఉన్న పది అడుగుల్లో పడిపోవడం వెనక ఉన్న సంగతి ఇది.

కాబట్టి ముందు చూడాల్సింది కళ్లు. "శుక్లం ఇంకా ముదరలేదు, వేసవి వెళ్లాక చూద్దాం" అని వాయిదా వేయడం మన ఇళ్లలో మామూలే. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 70 దాటిన ఆడవాళ్లను పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, శుక్లం ఆపరేషన్ త్వరగా చేయించుకున్నవారు, దానికోసం వేచి ఉన్నవారికంటే 34 శాతం తక్కువగా పడ్డారు. రెండు చూపుల కళ్లద్దాలతో ఇంకో చిక్కుంది. వాటి కింది సగం పుస్తకం చదవడానికి ఉద్దేశించింది. మెట్లు దిగేటప్పుడు చూపు సరిగ్గా ఆ సగంలోంచే కిందికి పోతుంది, మెట్టు అంచు అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది. మెట్లకూ వీధికీ దూరపు చూపు అద్దాలు విడిగా ఉంటే మంచిది.

లేచిన మొదటి నిమిషం

పడుకున్న మనిషి లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకీ పొట్టలోకీ దిగిపోతుంది. వయసులో ఉన్నప్పుడు రక్తనాళాలు వెంటనే బిగుసుకుని దాన్ని పైకి తోస్తాయి. పెద్దతనంలో ఆ స్పందన మందగిస్తుంది. మెదడుకు రక్తం తగ్గి కళ్లు చీకట్లు కమ్ముతాయి. లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లోపు పై బీపీ 20 గానీ, కింది బీపీ 10 గానీ పడిపోతే వైద్యులు దాన్ని లోపంగానే లెక్కేస్తారు. కానీ మనకు బీపీ దాదాపు ఎప్పుడూ కుర్చీలో కూర్చోబెట్టే చూస్తారు. "ఒకసారి పడుకోబెట్టి, మళ్లీ నిలబెట్టి చూస్తారా?" అని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

మందులు ఈ ఇబ్బందిని పెంచుతాయి. నిద్రమాత్రలు, ఆందోళనకు వాడే మాత్రలు, బీపీ మాత్రలు, నీరు తీసే మాత్రలు, ప్రోస్టేట్ మందులు, మగత తెచ్చే జలుబు మందులు, ఇవన్నీ ఆ జాబితాలోవే. ఒక్కో మందుకూ ఒక్కో కారణం ఉంటుంది. గుండె డాక్టరు రాసింది ఒకటి, షుగర్ డాక్టరు రాసింది ఒకటి, నిద్ర పట్టడంలేదని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నది ఇంకొకటి. అన్నిటినీ ఒక్కచోట చేర్చి చూసినవాళ్లు ఎవరూ ఉండరు. ఏడాదికి ఒకటి రెండుసార్లు మందుల సంచి మొత్తం పట్టుకెళ్లి ఒకే డాక్టరు ముందు బోర్లించి, ఏది ఉంచాలో ఏది తగ్గించాలో అడగాలి. సొంతంగా మానేయడం మాత్రం వద్దు. అలాగే ఏకాదశి నాడు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా, షుగర్ మాత్ర మాత్రం మానకుండా ఉపవాసం చేసే అమ్మలు, అమ్మమ్మలు మధ్యాహ్నానికి కళ్లు తిరిగి పడ్డారంటే ఆశ్చర్యం లేదు. ఉపవాసం ఉండదలిస్తే ఆ రోజు మాత్రల సంగతి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

పొద్దున్నే మెలకువ రాగానే మంచం మీదే కూర్చుని అరచేతులు చూసుకుని దణ్ణం పెట్టుకునే అలవాటు కొందరికి ఉంటుంది. భక్తి మాట ఎలా ఉన్నా, ఆ ఒక్క నిమిషంలో ఒళ్లు రక్తాన్ని సర్దుకుంటుంది. రాత్రి బాత్రూంకి లేచినప్పుడూ అదే పాటించాలి. కాళ్లు కిందికి వేలాడేసి, పాదాలు పదిసార్లు పైకీ కిందికీ ఆడించి, అప్పుడు లేవాలి. నిలబడ్డాక కూడా పక్కన ఆసరా పట్టుకుని పది అంకెలు లెక్కపెట్టుకుని కదలాలి.

గడపకు పసుపు ఎందుకు కనిపిస్తుందంటే

మన పాత ఇళ్లలో గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతారు. అది లక్ష్మీదేవి కోసం. అయితే అందులో ఇంకో మేలు కూడా ఉంది. మసక చూపుకు కూడా ఆ పసుపు గీత కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, కాలు దానంతటదే లేస్తుంది. రైల్వే ప్లాట్‌ఫారం అంచున పసుపు గీత గీయడం వెనక ఉన్న సూత్రమే ఇది. కొత్త ఇళ్లలో బాత్రూం ముందు రెండంగుళాల దిగుడు ఉంటుంది. పైనా అదే టైలు, కిందా అదే టైలు, అదే రంగు. చూపు తగ్గిన కంటికి అక్కడ దిగుడే లేదు. ఇలాంటి ప్రతి అంచుకూ, మెట్ల అంచులకూ పసుపు రంగు టేపు అతికిస్తే చాలు, పెద్దగా ఖర్చూ కాదు.

బాత్రూంలో పట్టుకోవడానికి ఏముందో చూడండి. చాలా ఇళ్లలో టవల్ రాడ్ ఒక్కటే ఉంటుంది. అది తడి తువ్వాలు బరువు మోయడానికి బిగించింది. మనిషి బరువు పడితే మేకులతో సహా ఊడి చేతిలోకి వస్తుంది. కమోడ్ పక్కనా, స్నానం చేసే చోటా గోడలోకి గట్టిగా దించిన స్టీలు పట్టుడు కడ్డీలు ఉండాలి. నిలబడి స్నానం చేసే బదులు రబ్బరు అడుగులున్న స్టూలు మీద కూర్చోవాలి. తలంటు రోజున నూనె, కుంకుడు రసం లేదా షాంపూ కలిసి నేల నున్నగా జారుతుంది కాబట్టి ఆ రోజు ఇంకాస్త జాగ్రత్త. తలుపుకు లోపల గడియ పెట్టుకోకుండా దగ్గరగా వేసుకుంటే నయం. లోపలికి తెరుచుకునే తలుపు వెనకే మనిషి పడి ఉంటే బయటివాళ్లు తోయడానికి కూడా ఉండదు. కొత్తగా కట్టించేవాళ్లు బయటికి తెరుచుకునే తలుపు పెట్టించుకోవాలి.

మిగిలినవి చిన్న చిన్న విషయాలే. అంచులు లేచిన కాళ్లపట్టాలు తీసేయాలి, లేదా అడుగున జారని రబ్బరున్నవి వేయాలి. ఫ్యాను, ఫోను ఛార్జర్ వైర్లు నడిచే దారిలో ఉండకూడదు. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా వెలిగే చిన్న దీపం ఉండాలి, దిండు పక్కన టార్చి ఉండాలి. పనిమనిషి తడిగుడ్డ పెట్టిన నేల ఆరేదాకా అటు వెళ్లకూడదు. పెరట్లో బట్టలు ఉతికే చోట పాచి పట్టనివ్వకూడదు. రోజూ కావలసిన డబ్బాలు అటక మీద కాక, నడుము ఎత్తులో ఉండాలి. ఉగాదికి మామిడి తోరణం కట్టడానికి స్టూలెక్కే పని మనవడికి అప్పగించాలి. ఇక చెప్పులు. అరిగిన హవాయి చెప్పులు, నున్నటి టైల్స్ మీద మేజోళ్లు రెండూ జారేవే. ఇంట్లో చెప్పులేమిటన్న పట్టింపు ఉంటే, వీధి తొక్కని జత ఒకటి ఇంటికోసమే విడిగా పెట్టుకోవచ్చు. మడమ దగ్గర పట్టీ ఉన్నది మేలు.

చేతికర్ర సంగతి చాలామంది తప్పుగా అనుకుంటారు. నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో వైపు చేతిలో పట్టుకోవాలి. నిలబడి చెయ్యి వదిలేస్తే మణికట్టు గీత దగ్గరికి కర్ర పిడి రావాలి. అడుగున రబ్బరు అరిగితే మార్చాలి.

ఇంటి మార్పుల మీద జరిగిన పరిశోధనలను కాక్రేన్ సంస్థ 2023లో ఒకచోట చేర్చి చూసింది. ఇదివరకు పడినవారు, నడకలో తడబడేవారు ఉన్న ఇళ్లలో ఈ మార్పులు పడిపోవడాన్ని 38 శాతం తగ్గించాయి. ఆ ముప్పు లేనివారిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే కడ్డీలు, టేపులు అవసరమే గానీ, వాటితోనే పని పూర్తికాదు.

"నువ్వు కూర్చో అమ్మా"

ఒకసారి పడ్డ తల్లిని పిల్లలు ఎంతో ప్రేమగా అనే మాట ఇది. నీళ్లు కావాలంటే తెచ్చిస్తారు, మేడ ఎక్కొద్దంటారు, మార్కెట్‌కు వెళ్లొద్దంటారు. ఆవిడకూ భయం పట్టుకుంటుంది, అడుగు తీసి అడుగు వేయదు. ఇలా ఆరు నెలలు గడిస్తే కాళ్లలో మిగిలిన బలమూ పోతుంది. 2007లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచారు. ఆ కాస్త కాలంలోనే వారి కాళ్లలో సగటున కిలోకు దగ్గరగా కండ తరిగిపోయింది. ప్రేమతో కూర్చోబెట్టిన మనిషి, ఈసారి లేచినప్పుడు పడటానికి ఇంకాస్త సిద్ధమై ఉంటుంది.

పడకుండా కాపాడేది కదలికే. 2019లో కాక్రేన్ సమీక్ష 108 అధ్యయనాలను, 23 వేలమందికి పైగా పెద్దవాళ్లను లెక్కలోకి తీసుకుని, వ్యాయామం పడటాన్ని 23 శాతం తగ్గిస్తుందని తేల్చింది. ఏ వ్యాయామం అన్నదే ముఖ్యం. "రోజూ పార్కులో వాకింగ్ చేస్తున్నాంగా" అంటారు. నడక గుండెకు మంచిదే, కానీ పడకుండా ఆపుతుందని చెప్పడానికి తగిన ఆధారం నడక ఒక్కదానికే లేదు. తూకం నిలబెట్టే కసరత్తు, కాళ్లకు బలమిచ్చే కసరత్తు రెండూ కలవాలి. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో రూపొందిన పద్ధతి ఇలాంటిదే. వారానికి మూడుసార్లు, అరగంట చొప్పున, ఇంట్లోనే చేసుకునేది. చైనావాళ్ల తైచీ కూడా ఇందుకు పనికొస్తుంది.

మన ఇంట్లో దీనికి వంటగట్టు చాలు. గట్టు పట్టుకుని మడమలు ఎత్తి ముని వేళ్ల మీద పదిసార్లు లేవడం. ఒంటికాలి మీద పది అంకెలు నిలబడటం. ఒక పాదం వేళ్లకు రెండో పాదం మడమ ఆనేలా గట్టు వెంబడి నడవడం. చేతులు వాడకుండా కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చోవడం. పప్పు ఉడికేలోపు అయిపోయే పనులివి. తడబాటు ఎక్కువగా ఉన్నవాళ్లు మొదట ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోవాలి. ఇదివరకు పీట వేసుకుని నేల మీద తినేవాళ్లు రోజుకు పదిసార్లు ఈ కసరత్తు పేరు తెలియకుండానే చేసేవారు. డైనింగ్ టేబుల్, సోఫా, ఎత్తు మంచం వచ్చాక ఆ లేవడం పోయింది.

కసరత్తు బదులు విటమిన్-డి మాత్రతో పని జరిగిపోతుందని ఆశపడేవారికి ఒక మాట. ఆస్ట్రేలియాలో 70 దాటిన ఆడవాళ్లకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్ల డోసు ఇచ్చి చూస్తే, వారు తక్కువ కాదు, ఎక్కువగా పడ్డారని 2010లో తేలింది. లోపం ఉంటే డాక్టరు చెప్పిన మోతాదులో వాడాలి తప్ప, ఎంత ఎక్కువైతే అంత మంచిది అనుకోకూడదు.

పడ్డ సంగతి చెప్పరు

ఇన్ని చేసినా పడితే? చెయ్యి పట్టి గుంజి లేపకూడదు. ఒక కాలు పొట్టిగా, పక్కకు తిరిగినట్టు కనిపించినా, తుంటి దగ్గర విపరీతంగా నొప్పి ఉన్నా కదిలించకుండా 108కి ఫోన్ చేయాలి. రక్తం పల్చబడే మందులు వాడేవారు తలకు దెబ్బ తగిలితే, పైకి బాగానే ఉన్నా ఆస్పత్రికి వెళ్లాల్సిందే. నొప్పేమీ లేకపోతే పక్కకు దొర్లి, మోకాళ్ల మీదికి వచ్చి, గట్టి కుర్చీ పట్టుకుని తమంతట తామే మెల్లగా లేవనివ్వాలి.

అయితే చాలాసార్లు మనకు పడ్డ సంగతే తెలియదు. ఒకసారి పడినవారు మళ్లీ పడే అవకాశం రెట్టింపు. అయినా అమెరికాలో కూడా సగం మంది డాక్టరుకు చెప్పరు. మన పెద్దవాళ్లు డాక్టరుకు కాదు, కడుపున పుట్టినవాళ్లకే చెప్పరు. మోచేతి మీద కమిలిన మచ్చ కనిపిస్తే "తలుపు తగిలిందిలే" అంటారు. చెబితే "చూసుకోవద్దా?" అన్న కేక, ఆపైన ఇంట్లో కట్టడి, లేదా ఊరు విడిచి రమ్మనే పోరు. ఈ భయంతోనే దాస్తారు. అందుకే అడిగే తీరు మారాలి. "ఎలా పడ్డావమ్మా? అప్పుడే లేచావా? లైటు ఉందా? మాత్ర ఎప్పుడు వేసుకున్నావు?" అని నెమ్మదిగా అడిగితే, మళ్లీ పడటానికి కారణమయ్యేది ముందే దొరుకుతుంది.

తెనాలిలో తల్లిదండ్రులు, డాలస్‌లో కొడుకు. రోజూ వీడియో కాల్. "బాగున్నాం నాన్నా" అంటుంది నవ్వే మొహం. ఫోనులో మొహమే కనిపిస్తుంది, కాళ్లు కనిపించవు. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు గుండెకు అడ్డంగా పెట్టుకుని, అర నిమిషంలో ఎన్నిసార్లు లేచి నిలబడగలరో చూడటం వైద్యులు చేసే పరీక్షే. 70 నుంచి 74 ఏళ్ల ఆడవాళ్లు పదికి తగ్గితే, మగవాళ్లు పన్నెండుకు తగ్గితే కాళ్లకు బలం కావాలని అర్థం. పక్కన ఒక మనిషిని ఉండమని చెప్పి, ఈ ఆదివారం మాటలయ్యాక అనండి: "అమ్మా, ఫోను ఆ టీవీ పక్కన పెట్టి ఒకసారి లేచి నిలబడు. నేను లెక్కపెడతాను."