వాడపల్లి లింగం, వైద్యుని సూది

మూసీనది కృష్ణవేణిలో కలిసే చోట, మిర్యాలగూడ ప్రాంతంలో, వాడపల్లి క్షేత్రం ఉన్నది. అక్కడి అగస్త్యేశ్వర లింగానికి శిరస్సుపై ఒక బిలం, అందులో నీరు కనిపిస్తాయి. శరణు జొచ్చిన పక్షిని విడువలేక, వేటగాని ఆకలిని కాదనలేక, శివుడు తన శిరస్సు నుండియే మాంసం తీసుకొమ్మన్నాడనీ, ఆ గాయాన్ని కడుగుటకు గంగ వచ్చి నిలిచినదనీ స్థలపురాణం చెబుతుంది.

ఒకచోటి లోటును మరొకచోటి మాంసంతో పూడ్చుట నేడు శస్త్రవైద్యుల విద్య. ప్రమాదంలో కాలిఎముక బయటపడినప్పుడు, పుట్టకురుపు వల్ల దవడ తీసివేసినప్పుడు, తొడనుండియో వీపునుండియో చర్మమాంసాలను వాటి ధమనితో, సిరతో సహా కోసి తెచ్చి, అక్కడి రక్తనాళాలకు కలిపి కుట్టుతారు. ఆ నాళాల వెడల్పు 1 నుండి 3 మిల్లీమీటర్లు. దారం తలవెంట్రుక కన్న సన్నన. నాళాలను కుట్టే విధానాన్ని 1902లో ప్రకటించిన అలెక్సిస్ కారెల్‌కు 1912లో నోబెల్ బహుమతి లభించింది. 1960లో జాకబ్‌సన్ ఆ పనికి సూక్ష్మదర్శినిని వాడినాడు.

నేర్పరుల చేతులలో నూటికి 95కు పైగా సఫలమవుతాయి. తక్కినవారి మాట ఏమిటి? కుట్టిన నాళంలో, ఎక్కువగా సిరలో, రక్తం గడ్డకడుతుంది. ఇది సాధారణంగా మొదటి రెండు మూడు రోజుల గండం. అందుకే గంటగంటకు పరీక్షించి చూస్తారు. మాంసం పాలిపోతే ధమని మూసుకొన్నదని, నీలిబారితే సిర మూసుకొన్నదని అనుమానిస్తారు. వెంటనే తిరిగి విప్పి సరిచేస్తే చాలవరకు బ్రతుకుతుంది. ఆలస్యమైతే తెచ్చిన మాంసం చచ్చిపోతుంది. దానిని తీసివేయక తప్పదు.

అప్పుడు రోగికి రెండు గాయాలు: పాతది మానలేదు, ఇచ్చినచోటిది కొత్తది. మరల ప్రయత్నించవచ్చునా? ప్రయత్నించవచ్చును; ఫలించిన సందర్భాలు అనేకం. కాని ముందుగా మొదటిది ఎందుకు చెడినదో తేల్చవలెను. కుట్టులో లోపమా? నాళం మెలిపడినదా? రక్తానికే గడ్డకట్టే స్వభావమున్నదా? పొగత్రాగుట కారణమా? దెబ్బతిన్న నాళానికే కుట్టినారా? యుగొస్లావియా వైద్యుడు మార్కో గొడీనా 532 చికిత్సల ఫలితాలు 1986లో వెలువడినవి. గాయమైన 3 రోజుల లోపల చేసిన వాటిలో నూటికి ఒకటైనా చెడలేదు. 3 రోజులు దాటి 3 నెలల లోపల చేసిన వాటిలో నూటికి 12 చెడినవి. వాచి గట్టిపడిన నాళాలు కుట్టుకు లొంగవు.

కనుక రెండవసారి గాయానికి దూరంగా ఆరోగ్యమైన నాళాన్ని వెదుకుతారు. అది అందకపోతే కాలినుండి ఒక సిరను తీసి వంతెనగా వేస్తారు. మాంసాన్ని వేరొకచోటినుండి తెస్తారు. ఒక్కొక్కప్పుడు, రోగి బలాన్నిబట్టి, సులభమైన మార్గమే మేలని వైద్యుడు నిజాయితీగా చెప్పవలసి వస్తుంది.

వాడపల్లిలో శివుడు ఒక్కమారే ఇచ్చినాడు. అయినా ఆ గుంట నేటికీ పూడలేదు. మనిషి దేహం ఇవ్వగలిగినదీ పరిమితమే. తప్పెక్కడో తెలుసుకొనక రెండవమారు దానిని అడుగుటకు ఎవరికీ హక్కు లేదు.