బోర్డ్ గేమ్ నైట్ అంటే ఏంటి? పైసా పందెం లేదు.. ముక్కూమొహం తెలియనివాళ్లతో ఒక సాయంత్రం ఇలా గడుస్తుంది!

శనివారం సాయంత్రం ఆరు గంటలు. హైదరాబాద్‌లో ఓ కేఫ్. నాలుగు టేబుళ్లు, ఇరవై మంది దాకా జనం. చాలామందికి పక్కనున్నవాళ్ల పేరు కూడా తెలియదు. అరగంట గడిచేసరికి సీన్ మారిపోతుంది. ఒక టేబుల్ దగ్గర పగలబడి నవ్వులు.. ఇంకో టేబుల్ దగ్గర 'ఒక గొర్రె ఇవ్వు, రెండు ఇటుకలు ఇస్తా' అంటూ బేరాలు. ఫోన్లు మాత్రం జేబుల్లోనే!

నగరాల్లో బోర్డ్ గేమ్ గ్రూపులు కలిసే సాయంత్రం ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఇంతకీ అక్కడ ఏం ఆడతారు? తెలియనివాళ్లు అంత త్వరగా ఎలా కలిసిపోతారు? వివరంగా చూద్దాం.

'పేకాటా?' అని అడిగితే..

'ఆట ఆడటానికి వెళ్తున్నా' అని చెబితే మన ఇళ్లలో ముందుగా వచ్చే అనుమానం ఇదే. ఆ భయానికి కారణం లేకపోలేదు. పందెంలో మునిగి అప్పులపాలైన కుటుంబాలను అందరం చూస్తూనే ఉన్నాం. తెలంగాణలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను కూడా అందులోకి తెచ్చారు. 2020లో ఆంధ్రప్రదేశ్ కూడా అదే దారి పట్టింది.

బోర్డ్ గేమ్ నైట్‌లో అసలు పందెమే ఉండదు. గెలిస్తే వచ్చేది చప్పట్లు, ఓడితే పోయేది ఏమీ లేదు. టీ, కాఫీ బిల్లు, కొన్నిచోట్ల ఎంట్రీ ఫీజు.. ఖర్చు అంతే. ఎక్కడైనా డబ్బు పందెం మాట వినిపిస్తే మాత్రం అది మీరు వెతుకుతున్న గ్రూప్ కాదని అర్థం.

చిన్నప్పటి 'బిజినెస్' ఆటకు, వీటికి తేడా ఏంటి?

బిజినెస్ ఆట గుర్తుందా? డబ్బులు అయిపోయినవాళ్లు ఆట నుంచి బయటికి. మిగతావాళ్లు ఇంకో గంట ఆడుతుంటే గోడకు ఆనుకుని చూస్తూ కూర్చోవాలి. కొత్తవాళ్ల మధ్య ఇలా జరిగితే వచ్చే వారం మళ్లీ ఎవరొస్తారు?

ఇప్పుడు గ్రూపుల్లో ఎక్కువగా ఆడే ఆటల్లో చివరి దాకా అందరూ ఆటలోనే ఉంటారు. దీనికి మంచి ఉదాహరణ కటాన్. జర్మనీకి చెందిన క్లాస్ ట్యూబర్ తయారు చేసిన ఈ ఆట 1995లో వచ్చింది. ముగ్గురు లేదా నలుగురు ఆడతారు. కలప, ఇటుకలు, ఉన్ని, ధాన్యం, ఖనిజం.. ఈ ఐదు సరుకులతో రోడ్లు, ఊళ్లు కట్టుకుంటూ పోవాలి. ముందుగా 10 పాయింట్లు చేరినవాళ్లదే గెలుపు.

ఇందులో కిటుకు పాచికల్లో ఉంది. రెండు పాచికలు వేస్తే 36 రకాలుగా పడొచ్చు. 7 రావడానికి 6 దారులున్నాయి. 6 కైనా, 8 కైనా ఐదేసి దారులు. 2కు ఒకే ఒక్క దారి, 12కూ అంతే. అందుకే ఆట తెలిసినవాళ్లు 6, 8 అంకెలున్న చోట ఊరు కట్టడానికి పోటీ పడతారు. 7 పడితే ఎవరికీ సరుకు రాదు. పైగా చేతిలో ఏడు కంటే ఎక్కువ కార్డులు ఉంటే సగం వదులుకోవాల్సిందే!

అంటే దాచుకుంటే నష్టం. కాబట్టి పక్కవాళ్లతో బేరమాడాలి. బేరమాడాలంటే నోరు విప్పాలి. 'మీరేం చేస్తుంటారు' అని అడగడానికి మొహమాటపడే మనిషి కూడా 'ఇటుకలున్నాయా' అని అడగడానికి మొహమాటపడడు. మాట కలపడానికి ఒక సాకును ఆటే చేతికి అందిస్తుంది. అసలు సంగతి ఇదే.

ఒక్క మాట.. ఒక్క అంకె

జనం ఎక్కువగా ఉంటే కోడ్‌నేమ్స్ బయటికి తీస్తారు. 2015లో వచ్చిన ఆట ఇది. టేబుల్ మీద 25 మాటల కార్డులు. రెండు జట్లు. ఏ మాట ఏ జట్టుదో ఇద్దరు నాయకులకే తెలుసు. నాయకుడు ఒక మాట, ఒక అంకె మాత్రమే చెప్పాలి. జట్టు మిగతాది ఊహించాలి.

తెలుగు మాటలతో చీటీలు రాసుకుని కూడా ఆడొచ్చు. ఉదాహరణకు నాయకుడు 'సంక్రాంతి.. 3' అన్నాడనుకోండి. ముగ్గు, గాలిపటం, కోడి.. ఈ మూడూ అతని మనసులో ఉన్నాయి. కానీ జట్టులో ఒకరు 'పండక్కి ఊరెళ్లడానికి టికెట్లే దొరకవు కదా' అంటూ 'బస్సు' మీద వేలు పెట్టారు. అది నల్ల కార్డు అయితే ఆట అక్కడికక్కడే ఓటమి! ఇదంతా చూస్తూ నాయకుడు మొహంలో ఏ మార్పూ లేకుండా కూర్చోవాలి. నవ్వులు వినిపించే టేబుల్ సాధారణంగా ఇదే.

అందరూ ఒకే జట్టు అయితే?

2008లో వచ్చిన పాండమిక్‌లో ఆటగాళ్ల మధ్య పోటీ లేదు. నాలుగు రోగాలు ప్రపంచమంతా పాకుతుంటే అందరూ కలిసి మందు కనిపెట్టాలి. గెలిస్తే అందరూ గెలుస్తారు, లేదంటే అందరూ ఓడతారు. ఇక్కడో చిక్కు ఉంది. అనుభవం ఉన్న ఒక్కరే 'నువ్విలా వెయ్, నువ్వలా వెళ్లు' అని అందరి ఆటా ఆడేస్తారు. మంచి గ్రూపుల్లో అలాంటివాళ్లను ఆపుతారు. కొత్తవాళ్లు తప్పు చేసినా సరే, ఎత్తు వాళ్లదే అంటారు.

మనకు కొత్తేమీ కాదు

ఇదంతా విదేశీ మోజు అనుకోనక్కర్లేదు. వామనగుంటలు, అష్టాచమ్మా మన అరుగుల మీద ఆడినవే. మూడు పులులు ఒకవైపు, పదిహేను మేకలు మరోవైపు ఉండే పులి-మేక ఆటలో రెండు పక్షాల బలం, ఎత్తుగడ పూర్తిగా వేరు. నేలమీద సుద్దముక్కతో గీసుకుని రాళ్లు పెట్టుకుంటే చాలు, ఈ ఆట ఈరోజు రాత్రే మొదలుపెట్టొచ్చు.

మొదటిసారి వెళ్తున్నారా?

* ఏ ఆటా రాకపోయినా పర్లేదు. రూల్స్ చెప్పి మొదలుపెట్టడం మామూలే. అర్థం కాకపోతే రెండోసారి అడగండి.
* టైమ్‌కు వెళ్లండి. ఆట మొదలయ్యాక మధ్యలో చేరడం కష్టం.
* ముందు చిన్న ఆటతో మొదలుపెట్టండి. రెండు గంటల ఆటలో మొదటిరోజే కూర్చోవద్దు.
* కార్డుల దగ్గర టీ గ్లాసు పెట్టొద్దు. ఆ డబ్బా ఎవరో సొంత డబ్బుతో కొని తెచ్చిందే.
* బహిరంగ ప్రదేశంలో కలిసే గ్రూప్‌నే ఎంచుకోండి. మొదటిసారి ఒక ఫ్రెండ్‌ను తీసుకెళ్తే ఇంకా మంచిది.

ఉద్యోగం కోసం కొత్త ఊరొచ్చి, వీకెండ్ మొత్తం హాస్టల్ గదిలో ఫోన్ చూస్తూ గడిపేవాళ్లు చాలామందే ఉన్నారు. అలాంటివాళ్లకు ఆ సాయంత్రం ఎవరు గెలిచారన్నది పెద్ద విషయం కాదు. ఆట అయ్యాక డబ్బా సర్దుతూ పక్కనున్న మనిషి 'వచ్చే శనివారం వస్తున్నావుగా?' అని అడగడమే అసలు గెలుపు.