పరిహాసమునుండి ప్రజోద్యమమునకు

స్వల్పకార్యములను చులకనగా చూచుట మనలో పలువురకు గల దోషము. నిప్పురవ్వ గడ్డివామిని దహింపగలదని యెరుగని కర్షకుడు లేడు. కాని సభలలో, గ్రామములలో జరుగు చిన్నపనులయెడ ఆ యెరుక మనకుండుట లేదు. తెలంగాణా చరిత్రమున దీనికొక చక్కని నిదర్శనము గలదు.

1921వ సంవత్సరము నవంబరు మాసమున హైదరాబాదునందలి వివేకవర్ధనీ నాటకశాలలో నిజాం రాష్ట్ర సంఘసంస్కరణ మహాసభ జరిగెను. ధోండో కేశవ కార్వే పండితు డధ్యక్షుడు. ఆంగ్లమున, ఉర్దూలో, మరాఠీలో ఉపన్యాసములు సాగినవి. ఆలంపల్లి వేంకటరామారావను న్యాయవాది తెలుగున మాటలాడ నారంభింపగా సభ్యులు కొందరు గేలిచేసి, చప్పట్లు చరచి, ఆయన ప్రసంగమును సాగనీయరైరి. ఆ రాజ్యమందలి జనులలో దాదాపు సగముమందికి తెలుగే మాతృభాష యని తలచినచో ఆ పరిహాసమెంత కటువైనదో తెలియగలదు.

అవమానితు లింటికేగి నిట్టూర్చుటతో నిట్టివి సామాన్యముగా ముగియును. నాడట్లు కాలేదు. ఆ రాత్రియే టేకుమాల రంగారావుగారి యింట పదిపండ్రెండుగురు చేరి ఆంధ్రజన సంఘమును స్థాపించిరి. చేసిన పని యింతయే.

మాడపాటి హనుమంతరావుగారు మొదలగు పెద్దలు సంఘమును పెంచిరి. గ్రంథాలయములు, పాఠశాలలు, వర్తకుల యిబ్బందులు, వెట్టిచాకిరి ఒకదాని వెంట నొకటి చర్చకు వచ్చినవి. తన భాష నడిగినవాడు చదువు నడుగును. చదివినవాడు చట్టము నడుగును. చట్ట మెరిగినవాడు కూలిలేక చాకిరి యేల చేయవలెనని ప్రశ్నించును. 1930లో జోగిపేటయందు సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను ప్రథమాంధ్ర మహాసభ కూడెను. 1944లో రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతను జరిగిన భువనగిరి సభతో మితవాదులు విడివడిరి. 1946 నుండి రైతుల యాందోళనము సాయుధపోరాటముగా పరిణమించెను. 1949లో జాగీర్దారీ విధానము రద్దయ్యెను.

ఇన్ని మార్పులకు మరి పెక్కు కారణములును గలవు. తొలినాటి పెద్దలలో పలువురు తుదిదశను కోరినవారును గారు. అయినను వారు వేసిన బాట లేనిచో ప్రయాణ మట్లు సాగెడిది కాదు.

ఇందు మనము గ్రహింపవలసినవి రెండు. సభలో నొక గొంతును నొక్కువాడు అది యొక్కని గొంతేయని భ్రమపడరాదు. పల్లెవాని యాసను, గిరిజనుని భాషను విని నవ్వు విద్యావంతులు నేడును మనలో గలరు. ఆ నవ్వు నిముసములో ముగియును. దాని గాయము తరములు నిలుచును. ఇక నవమానము పొందినవా డాగ్రహముతో తృప్తిపడరాదు. పదుగురు కూడి, పని నిర్ణయించుకొని, మరునాడును కూడవలెను. ఆంధ్రజన సంఘమువారి బలమంతయు నిందే యున్నది.