ఈస్టర్ కుందేలుకు గుడ్లెక్కడివి?

ఈస్టర్ వారం వచ్చిందంటే ఖమ్మంలోనైనా భద్రాచలంలోనైనా ఫోన్లలో ఒకటే బొమ్మ తిరుగుతుంది: రంగు గుడ్ల బుట్ట, పక్కనే తెల్ల కుందేలు. ఆ ఆదివారం మన దగ్గర జనం వెళ్లేది మాత్రం సమాధుల దగ్గరికి. తెల్లవారకముందే సున్నం కొట్టిన సమాధుల మీద పూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు. అక్కడ కుందేలూ ఉండదు, గుడ్డూ ఉండదు. మరి ఆ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చినట్టు?

బైబిల్లో ఉందేమోనని మొదటి అనుమానం. లేదు. సువార్తల్లో గుడ్డు ప్రస్తావన లూకా 11వ అధ్యాయంలో వస్తుంది గానీ పునరుత్థానానికీ దానికీ సంబంధం లేదు. కుందేలైతే లేవీయకాండం 11వ అధ్యాయంలో కనిపిస్తుంది, అదీ తినకూడని జంతువుల జాబితాలో!

గుడ్డు వచ్చింది ఉపవాసం వల్ల. ఈస్టర్‌కు ముందు లెంట్, అంటే మన సంఘాల్లో శ్రమదినాలనే 40 రోజులు పాటిస్తారు. మధ్యలోని ఆరు ఆదివారాలను లెక్కలోకి తీసుకోరు కాబట్టి క్యాలెండర్‌లో అవి 46 రోజులు. మధ్యయుగాల్లో యూరప్ చర్చి ఆ రోజుల్లో మాంసంతో పాటు గుడ్లనూ నిషేధించింది. ఆ సంగతి కోళ్లకు తెలియదు కదా! ఒక ఇంట్లో ఆరు కోళ్లుండి, ఒక్కోటి వారానికి నాలుగు గుడ్లు పెట్టిందనుకోండి. 46 రోజులకు సుమారు 157 గుడ్లు. ఇప్పటి 30 గుడ్ల ట్రేలు ఐదు నిండి, ఇంకా ఏడు మిగులుతాయి. పండుగ నాటికి ఇల్లంతా గుడ్లే. తినగా మిగిలినవి పంచడం, పంచేవాటికి రంగులద్దడం సహజమే.

ఇంత పాతకాలపు సంగతికి రుజువేమిటంటారా? ఇంగ్లండ్ రాజు మొదటి ఎడ్వర్డ్ ఇంటి ఖర్చుల చిట్టా ఉంది. 1290లో ఈస్టర్ కోసం 450 గుడ్లకు 18 పెన్నీలు రాశారు, అంటే పెన్నీకి 25. వాటికి రంగులేసి, బంగారు రేకు అంటించి పరివారానికి పంచారు. తూర్పు చర్చిల్లో క్రీస్తు రక్తానికి గుర్తుగా గుడ్డుకు ఎర్రరంగు వేస్తారు, పెంకును మూసిన సమాధిగా చెప్పుకుంటారు. క్రైస్తవులే కాదు, ఇరానీయులు కూడా మార్చిలో వచ్చే నౌరోజ్ కొత్త సంవత్సరానికి రంగు గుడ్లు పెట్టుకుంటారు.

అందరికీ వసంతంలోనే గుడ్డు ఎందుకు గుర్తొచ్చింది? నన్నడిగితే అసలు కిటుకు పగటి వెలుతురులో ఉంది. రోజుకు సుమారు 14 గంటల వెలుతురు దొరికితే కోడి బాగా గుడ్లు పెడుతుంది, వెలుతురు బాగా తగ్గితే మానేస్తుంది. లండన్‌లో డిసెంబరు పగలు ఎనిమిది గంటలైనా ఉండదు, జూన్‌లో పదహారున్నర దాటుతుంది. కరెంటు దీపాలు లేని రోజుల్లో అక్కడి పల్లెల్లో చలికాలమంతా గుడ్డు కరువు, వసంతం రాగానే గంపలకొద్దీ గుడ్లు. భద్రాచలంలోనో, అతి చిన్న పగలు 11 గంటలు, అతి పెద్దది 13 గంటల పైచిలుకు. తేడా రెండు గంటలే. మన నాటుకోడి డజను అటూఇటుగా పెట్టి, 21 రోజులు పొదిగి, పిల్లల్ని తిప్పి మళ్లీ మొదలుపెడుతుంది. ఏడాది పొడవునా దొరికేదాన్ని ఒక రుతువుకు గుర్తుగా ఎవరు పెట్టుకుంటారు? అడవికోళ్లు మాత్రం ఇక్కడా కాలం చూసుకుని, ఎక్కువగా ఎండాకాలంలోనే పెడతాయి. కానీ అవి మన గంప కింది కోళ్లు కావు.

కుందేలుదీ ఇదే తీరు. అసలు ఈస్టర్ కుందేలు బోనులో పెంచుకునే తెల్లది కాదు, బొరియ తవ్వకుండా నేలమీద చిన్న గుంట చేసుకుని పడుకునే పొలాల కుందేలు. యూరప్‌లో మార్చి నాటికి పైరు ఇంకా ఎదగదు, ఆడది వెంటపడే మగదాన్ని ముందుకాళ్లతో కొట్టడం అందరికీ కనిపిస్తుంది. దాని బంధువే, మెడమీద నల్లమచ్చ ఉండేది, మన అడవుల్లో ఉంది. అది దాదాపు ఏడాదంతా పిల్లల్ని పెడుతుంది.

సరే, కుందేలు గుడ్డు పెట్టడమేమిటి? 1682లో జర్మన్ వైద్యుడు ఫ్రాంక్ ఫాన్ ఫ్రాంకెనావ్, ఆల్సేస్ ప్రాంతంలో ఈస్టర్ కుందేలు తోటలో గుడ్లు దాస్తుందని పిల్లలకు చెబుతారని రాశాడు. పెద్దలకు అదొక నవ్వులాట. దీనికో వివరణ ఉంది. తీతువు పిట్ట కూడా గూడు కట్టదు, నేలమీది గుంటలోనే నాలుగు గుడ్లు పెడుతుంది. కుందేలు లేచి పరుగెత్తిన చోట గుడ్లు కనబడితే పొరబడటం తేలికే. ఇది ఊహే గానీ, మన చెలకల్లో తీతువును చూసినవాళ్లకు నమ్మాలనిపిస్తుంది. 18వ శతాబ్దంలో జర్మన్ వలసదారులు ఈ కథను పెన్సిల్వేనియాకు తీసుకెళ్లారు. 1873లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఫ్రై కంపెనీ చాక్లెట్ ఈస్టర్ గుడ్డు తెచ్చింది.

‘ఈస్టర్‌కు పేరిచ్చిన ఈయోస్ట్రె దేవత వాహనం కుందేలు’ అని చదివారా? 725లో బీడ్ అనే సన్యాసి ఆ దేవత పేరు, ఆమె పేరిట ఒక నెల ఉండేదన్న మాట రాశాడు. గుడ్డు, కుందేలు ఆ ప్రస్తావనలో లేవు. కుందేలు ఆమెదై ఉండవచ్చని 1874లో అచ్చైన పుస్తకంలో హోల్ట్స్‌మాన్ అనే జర్మన్ పండితుడు ఊహించాడు. మధ్యలో 1,149 ఏళ్లు. తరానికి పాతికేళ్లనుకుంటే దాదాపు 46 తరాల తర్వాత పుట్టిన ఊహ అది.

మన గోదావరి ఒడ్డుకు మిషనరీలు తొందరగానే వచ్చారు. 1860ల్లో గోదావరి పనులు చూస్తున్న ఇంజనీరు హెయిగ్ చొరవతో దుమ్ముగూడెంలో కోయల మధ్య చర్చి మిషనరీ సొసైటీ పని మొదలైంది. ఖమ్మానికి దగ్గర్లోని దోర్నకల్‌కు 1912లో వి.ఎస్. అజరయ్య బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ చర్చిలో తొలి భారతీయ బిషప్ ఆయనే. హిందూ, ముస్లిం కట్టడాల పోకడలు కలిపి అక్కడ కట్టించిన కెథడ్రల్ 1939లో ప్రారంభమైంది. అయినా ఈ నేలకు వసంతమంటే మోదుగుపూలు, రాత్రంతా రాలే ఇప్పపూలు, వేపపూత. కోయ గూడేల్లో కొత్తగా వచ్చినదాన్ని వేల్పులకు పెట్టాకే తినే కొత్తల పండుగలున్నాయి. ఉగాదికి వేపపూత, ఈస్టర్ సమాధికి పూలు. గుడ్డుకు ఇక్కడ ఖాళీ ఎక్కడ?

పిల్లలు సరదాపడితే రంగు గుడ్లు చేయడంలో తప్పేమీ లేదు. ఉల్లిపొట్టు వేసి ఉడికిస్తే చక్కటి ఇటుకరంగు వస్తుంది, యూరప్ పల్లెల్లోనూ అదే పద్ధతి. తోటలో దాచి వెతికించే ఆట మాత్రం ఖమ్మం ఎండకు పనికిరాదు. 32 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికిన గుడ్డును గంటకు మించి బయట ఉంచితే తినకండి. పెంకుతోనే ఫ్రిజ్‌లో పెడితే వారం నిలుస్తుంది.