మా చెల్కలో సర్కారు తుమ్మ

దసరా సెలవులకు జహీరాబాద్ పోతే నాయిన నాకొక పని అప్పజెప్పాడు. ఊళ్ళో మా చెల్క రెండెకరాలు ఐదేండ్లుగా బీడు పడి ఉంది. నాయినకు టౌన్లో ఉద్యోగం, తాతకు చేతకాదు, కౌలుకు ఎవరూ రాలేదు. ఇప్పుడు అందులోకి చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం, అంతా ముళ్ళ కంప.

"రోజంతా ఆ ఫోన్ పట్టుకొనే ఉంటవ్ గదా. ఈ తుమ్మ మళ్ళ మొలవకుండ ఏం చేయాల్నో జర చూడు" అన్నాడు.

ఆయన కోపానికి కారణం ఉంది. రెండేండ్ల కింద కూలీలను పెట్టి మొత్తం కొట్టించాం. ఒక్క వానాకాలం గడిచేసరికి ఒక్కో మొద్దుకు ఏడెనిమిది కొమ్మలు లేచాయి. డబ్బులిచ్చి చెట్టును గుబురుగా పెంచుకున్నట్టయింది.

మా వైపు దీన్ని సర్కారు తుమ్మ అంటారు, కొన్ని చోట్ల ఇంగ్లీషు తుమ్మ. శాస్త్రీయ నామం ప్రోసోపిస్ జూలిఫ్లోరా. మన నల్లతుమ్మ వేరు. నల్లతుమ్మకు పసుపుపచ్చని గుండ్రటి పూలు, దీనికి సన్నగా పొడుగ్గా కంకుల్లాంటి పూలు. రైలు కట్టల పక్కన, చెరువు శిఖంలో, సగం కట్టి ఆపేసిన వెంచర్లలో మీరు చూసే కంప దాదాపు ఇదే.

సర్కారు అనే పేరు ఊరికే రాలేదు. దీని సొంతూరు మెక్సికో, కరీబియన్ దీవుల వైపు. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి బెడ్డోమ్, ఎండిన నేలల్లో వంటచెరకు పెంచడానికి ఈ గింజలు తెప్పించమని ప్రభుత్వానికి రాశాడు. జమైకా నుంచి గింజలు వచ్చాయి. 1878లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. అవి మహా కరువు రోజులు. అంటే మన దేశంలో ఈ చెట్టు కథ మొదలైంది తెలుగు నేల మీదే! ఇది నాకు నిజంగా కొత్త విషయం.

వాళ్ళ లెక్క తప్పని కూడా అనలేం. పప్పు జాతి చెట్టు కాబట్టి దీని వేర్ల బుడిపెల్లో రైజోబియం లాంటి బ్యాక్టీరియా ఉంటుంది. గాలిలోని నత్రజనిని అది అమ్మోనియాగా మార్చి చెట్టుకిస్తుంది, చెట్టు బదులుగా చక్కెర ఇస్తుంది. యూరియా కోసం ఫ్యాక్టరీలో 400 డిగ్రీలకు పైన వేడి, విపరీతమైన ఒత్తిడి పెట్టి చేసే అమ్మోనియా ఇక్కడ మామూలు మట్టి వేడిలోనే తయారవుతుంది. నమ్మకపోతే పూతకు ముందున్న కంది మొక్కను పీకి ఒక బుడిపెను గోటితో చీల్చండి. లోపల గులాబీ రంగు ఉంటే బ్యాక్టీరియా డ్యూటీలో ఉన్నట్టే. వేర్లు కూడా చాలా లోతుకు పోతాయి. దీని దగ్గరి బంధువు వేరు అమెరికాలోని అరిజోనాలో ఒక గని తవ్వకంలో 53 మీటర్ల లోతున కనిపించింది. అందుకే వాన లేకపోయినా పచ్చగానే ఉంటుంది. కర్నాల్‌లోని కేంద్ర చౌడు నేలల పరిశోధనా సంస్థ, ఏ పంటా రాని చౌడు భూముల్ని బాగుచేయడానికి దీన్నే వాడి చూసింది.

మరి సమస్య ఎక్కడ? మేకల్ని గమనిస్తే తెలిసిపోతుంది. ఆకు చేదు, మేక దాదాపు ముట్టదు. కాయ మాత్రం తియ్యగా ఉంటుంది, వెతుక్కుని మరీ తింటుంది. గింజ పెంకు గట్టిది, కడుపులో అరగదు. ఎక్కడో పెంటికలతో పాటు బయటపడి ఎరువుతో సహా మొలుస్తుంది. తన ఆకు కాపాడుకుంటూ, తన గింజల్ని మనమే మోసేలా చూసుకుంటుందన్నమాట. కెన్యాలోని బారింగోలో 1980ల్లో దీన్ని నాటించారు. ఈ తీపి కాయల వల్లే మేకల పళ్ళు పాడై ఊడిపోతున్నాయని అక్కడి పశువుల కాపరులు ప్రభుత్వం మీద కేసు వేసి, పళ్ళు లేని మేకనే కోర్టుకు తీసుకొచ్చారు.

కొట్టేస్తే ఎందుకు చావదో కూడా దొరికింది. మొదలు దగ్గర, మట్టి కింద నిద్రపోయే మొగ్గలుంటాయి. పైన నరికితే అవన్నీ ఒకేసారి లేస్తాయి. కాబట్టి నరకడం కాదు, ఆ మొగ్గల భాగం పోయేలా మొద్దును వేరుతో సహా పెకలించాలి. తర్వాత కొన్నేండ్ల పాటు మొలిచిన ప్రతి పిల్లమొక్కనూ చిన్నప్పుడే పీకాలి. అన్నిటికంటే ముఖ్యం, నేలను ఖాళీగా ఉంచకూడదు. జహీరాబాద్ పక్కనే పస్తాపూర్‌లో 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు చేసింది ఇదే. బీడు భూముల్ని సాగులోకి తెచ్చి జొన్న, కొర్ర, కంది, అనుములు కలిపి వేశారు. 2019లో వాళ్ళకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. నత్రజని ఇచ్చే పని కందీ చేస్తుంది, కానీ పక్కోడి చేన్లోకి చొరబడదు.

ఇదంతా నాయినకు చెప్పాను. ఎండాకాలంలో జేసీబీతో పెకలించి, తొలకరికి జొన్న, కంది వేయించాలని అనుకున్నాం. నేను పెద్ద సైంటిస్టులా ఫీలవుతుంటే, పక్క ఇంటి అవ్వ విన్నది.

"మొత్తం పీకేస్తే నా పొయ్యిల ఏం పెట్టాలె బిడ్డా?" అన్నది.

ఐదేండ్లుగా ఆమె కట్టెలు మా చెల్కలోనివే. గ్యాస్ సిలిండర్ ఉంది, కానీ చుట్టాలొస్తేనే వెలిగిస్తుంది. ఎండిన ఈ కట్టె బాగా వేడిస్తుంది, బొగ్గు బట్టీల వాళ్ళు కూడా అందుకే కొంటారు. నాకు జవాబు దొరకలేదు. గట్టు మీద నాలుగు చెట్లు ఉంచుదామని అన్నాను. "మేకలు ఊకుంటయా?" అన్నాడు తాత. ఆయన మాటా నిజమే.

దసరా సాయంత్రం జమ్మి చెట్టు దగ్గరికి పోయాం. మన రాష్ట్ర వృక్షం. మొన్నటిదాకా సర్కారు తుమ్మ, జమ్మి రెండూ ప్రోసోపిస్ ప్రజాతిలోనే ఉండేవి. 2022లో శాస్త్రవేత్తలు ఆ ప్రజాతిని విడదీసి సర్కారు తుమ్మను నెల్టుమా అనే వేరే దాంట్లో పెట్టారు. ఈ సంగతి చెబితే తాత నా చేతిలో జమ్మి ఆకు పెట్టి, "ఇది కొట్టేస్తే పాపం, అది కొట్టకుంటే పాపం" అని నవ్వాడు.

చివరికి నాయిన ఒకటి ఒప్పుకున్నాడు. జేసీబీ తీసిన కట్టెలు బట్టీకి అమ్మరు, అవ్వ గుడిసె వెనక వేస్తారు. రెండేండ్లకు సరిపోతాయట. ఆ తర్వాత సంగతి అవ్వ మళ్ళీ అడిగింది. నేను ఇంకా వెతుకుతున్నాను, కంది కట్టెతో ఎన్ని రోజులు పొయ్యి మండుతుందో.